మాటను నిలిపిన యంత్రాలు

ఉద్దేశం: ధ్వనిని ముద్రించి దాచే సాధనాలు ఎలా పుట్టాయో, చదువులో, పరిశ్రమలో, కళలలో అవి తెచ్చిన మార్పులేమిటో తెలుసుకోవడం, ఇంట్లో వినబడే తెలుగు పలుకుబడిని గౌరవించి, దానిని భద్రపరచే అలవాటు చేసుకోవడం.

పలికిన మాటకు ఆయుష్షు చాలా తక్కువ. నోటి నుంచి వెలువడిన క్షణంలోనే అది గాలిలో కలిసిపోతుంది. దానిని నిలుపుకోవడానికి మానవుడు మొదట కనిపెట్టిన ఉపాయం లిపి. శాసనాలు, తాళపత్రాలు, అచ్చు పుస్తకాలు వేయి సంవత్సరాలకు పైగా తెలుగు మాటను మోసుకొని వచ్చాయి. అయితే లిపి మోయగలిగింది మాటనే, గొంతును కాదు.

చలి, చాప, జాము అనే మాటలను గమనించండి. వీటిలోని చ, జ లను చాలా ప్రాంతాలలో నాలుక కొనను పళ్ళకు ఆనించి పలుకుతారు. చిలుక, జింక అనే మాటలలో అలా పలకరు. రాతలో మాత్రం రెండింటికీ ఒకే అక్షరం. 'వచ్చాడు' అని మాట్లాడేటప్పుడు చాలామంది నోట నడిమి అచ్చు పూర్తిగా 'ఆ' కాదు, పూర్తిగా 'ఏ' కాదు. ఆ ధ్వనికి మన వర్ణమాలలో ప్రత్యేకమైన అక్షరం లేదు. ఇక హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, యానాం పట్టణాలలో ఒకే వాక్యాన్ని చదివిస్తే, రాత ఒకటే అయినా ఎత్తుపల్లాలు వేరువేరుగా వినిపిస్తాయి. ఆ తేడాను కాగితం పట్టుకోలేదు. దానిని పట్టుకోవడానికి యంత్రం కావలసి వచ్చింది.

తొలి ప్రయత్నాలు

ధ్వని అంటే కంపనం. మాట్లాడేటప్పుడు గొంతులోని స్వరతంత్రులు అదురుతాయి. ఆ అదురు గాలిని కదిలిస్తుంది. గాలిలో పుట్టిన అలలు సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో ప్రయాణించి చెవిలోని పలుచని పొరను తాకుతాయి. మనిషి చెవి సెకనుకు సుమారు 20 నుంచి 20,000 వరకు ఉండే కంపనాలను వినగలదు.

చెవి పొర అదిరినట్లే మరొక పొరను అదిరేటట్లు చేస్తే, ఆ అదురును గీతగా గీయవచ్చు కదా అని ఫ్రాన్సు దేశస్థుడైన స్కాట్ ద మార్టిన్‌విల్ ఆలోచించాడు. 1857లో ఆయన తయారుచేసిన యంత్రం మసి పూసిన కాగితం మీద ధ్వని తరంగాలను గీతలుగా గీసింది. కాని ఆ గీతలను తిరిగి ధ్వనిగా మార్చే మార్గం ఆయనకు తెలియదు. 1860లో ఆయన కాగితం మీద పట్టిన ఒక పాటను శాస్త్రజ్ఞులు కంప్యూటరు సాయంతో 2008లో వినిపించారు. గీసిన 148 సంవత్సరాలకు ఆ గీతకు నోరు వచ్చింది!

దాచిన ధ్వనిని తిరిగి వినిపించిన తొలి యంత్రం అమెరికాలో ఎడిసన్ 1877లో తయారుచేసిన ఫోనోగ్రాఫు. తిరిగే గొట్టానికి చుట్టిన తగరపు రేకు మీద సూది గాడి చేస్తుంది. సూదిని మళ్ళీ అదే గాడిలో నడిపిస్తే పొర అదిరి, పలికిన మాట వినిపిస్తుంది. పదేళ్ళ తర్వాత, 1887లో, ఎమిల్ బెర్లినర్ గొట్టానికి బదులు చదునైన పళ్ళెం మీద గాడి చేసే పద్ధతిని కనిపెట్టాడు. అదే గ్రామఫోను. పళ్ళేనికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఒక లోహపు అచ్చు తీస్తే దానితో వందల ప్రతులు ఒత్తవచ్చు. అచ్చు యంత్రం పుస్తకానికి చేసిన మేలే గ్రామఫోను పాటకు చేసింది.

లక్క పళ్ళెం మీద పాట

1902 నవంబరులో ఇంగ్లండు నుంచి వచ్చిన గ్రామఫోను కంపెనీ ఉద్యోగులు కలకత్తాలో ప్రసిద్ధ గాయని గౌహర్ జాన్ పాటలను ముద్రించారు. భారతదేశంలో కంపెనీలు పాటలు ముద్రించడానికి అది నాంది. పాట ముగియగానే ఆమె తన పేరును తానే చెప్పేది. రికార్డులు ఒత్తేది జర్మనీలో కాబట్టి అక్కడివారు ఎవరి పాటో గుర్తుపట్టడానికి అలా చెప్పించేవారంటారు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారం వెలిసింది. 1928లో డమ్‌డమ్‌లో పెద్ద కర్మాగారం వచ్చింది.

ఆనాటి రికార్డుకు ముఖ్యమైన ముడిసరుకు మన అడవులలో చెట్ల కొమ్మల మీద పురుగులు తయారుచేసే లక్క. లక్కలో మెత్తని రాతిపొడి, నల్లరంగు కలిపి, వేడిచేసి, అచ్చుల మధ్య ఒత్తేవారు. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ 'ప్లేటు' కింద పడితే పగిలిపోయేది. ఒక వైపున సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది.

ఈ మూడు నిమిషాలు కళనే మార్చాయి. నాటక రంగస్థలం మీద నటుడు ఒక పద్యాన్ని రాగం తీసి ఎంతసేపైనా పాడవచ్చు. ప్రేక్షకులు కోరితే మళ్ళీ పాడవచ్చు. రికార్డులో ఆ వెసులుబాటు లేదు. పౌరాణిక నాటక పద్యాలు, కీర్తనలు, హరికథలు ఆ చిన్న కొలతకు ఒదిగాయి. కొంత పోయింది, కాని పట్టణానికి పోలేని పల్లెవాసి కూడా పెద్ద విద్వాంసుని పాట వినగలిగాడు.

మైకు తెచ్చిన మార్పు

మొదటి రోజులలో గాయకులు పెద్ద బాకా ఎదుట నిలబడి గట్టిగా పాడవలసి వచ్చేది. 1925 నుంచి రికార్డు కంపెనీలు మైక్రోఫోనును వాడసాగాయి. ఒక రకం మైకులో పలుచని పొర, దానికి అతికిన సన్నని తీగచుట్ట, పక్కన అయస్కాంతం ఉంటాయి. మాట తాకి పొర అదిరితే తీగచుట్ట కదులుతుంది. అయస్కాంతం దగ్గర తీగచుట్ట కదిలితే విద్యుత్తు పుడుతుంది. లౌడుస్పీకరు ఇదే పనిని తిరగేసి చేస్తుంది. విద్యుత్తును కదలికగా, కదలికను ధ్వనిగా మారుస్తుంది. మైకు వచ్చిన తర్వాత మెల్లగా, సున్నితంగా పాడే గొంతులకు కూడా చోటు దొరికింది.

మైకు లేకపోతే రేడియో లేదు. 1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమైంది. అక్కడి నుంచి తమిళంతోపాటు తెలుగు కార్యక్రమాలు కూడా ప్రసారమయ్యాయి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. రేడియో తరంగాలకు రాష్ట్రాల సరిహద్దులతో పనిలేదు. ఇరుగుపొరుగు వేరొక భాష మాట్లాడే ఊళ్ళలో కూడా తెలుగు వార్తలు, నాటికలు, భక్తిగీతాలు వినిపించాయి. పాఠశాలల కోసం రేడియో పాఠాలు వచ్చాయి. భాషను పుస్తకం ద్వారానే కాక చెవి ద్వారా కూడా నేర్పవచ్చునని అవి చూపాయి.

అయితే తొలినాటి ప్రసారాలలో చాలా భాగం అప్పటికప్పుడు పలికినవి. వాటిని ముద్రించి ఉంచలేదు. సినిమా విషయమూ ఇంతే. 1931 మార్చి 14న విడుదలైన మన దేశపు తొలి మాటల చిత్రం 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటి కూడా నేడు మిగలలేదు. దీనికి భిన్నంగా, ఘంటసాల వెంకటేశ్వరరావు గానం చేసిన భగవద్గీత రికార్డు 1974లో ఆయన మరణించిన తర్వాత విడుదలై ఇంటింటా మోగింది. ముద్రించి దాచిన గొంతుకూ, దాచని గొంతుకూ తేడా ఇదే.

పలుకుబడిని వెదికినవారు

పాటను దాచడానికి కంపెనీలు ముందుకు వచ్చాయి. ఎందుకంటే పాట అమ్ముడుపోతుంది. మరి మామూలు మనుషుల మాటను ఎవరు దాచాలి?

నేటి ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) వాడుక భాష కోసం పోరాడిన మహనీయుడు. ఆయన సవరల భాషను వారి నోటనే విని నేర్చుకున్నాడు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశాడు. మన్యంలో తిరిగినప్పుడు జ్వరానికి వాడిన క్వినైను మందు వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని చెబుతారు. ఇతరుల మాట వినడానికి తన చెవులనే పణంగా పెట్టిన పండితుడాయన.

గ్రియర్సన్ నాయకత్వంలో జరిగిన భారతదేశ భాషా పర్యవేక్షణలో 1906లో వెలువడిన నాలుగవ సంపుటం ద్రావిడ, ముండా భాషలకు సంబంధించింది. దానిలో కామాఠీ, సాలేవారీ, గోలరీ, బేరడీ, వడరీ, దాసరీ వంటి పేర్లతో తెలుగు మాండలికాల నమూనాలు ఉన్నాయి. అవి ప్రధానంగా ఆనాటి బొంబాయి రాష్ట్రంలోను, మధ్యపరగణాలలోను స్థిరపడిన తెలుగువారి పలుకుబడులు. నేత పనివారు, గొల్లలు, రాతి పనివారు, కూలీలు మాట్లాడిన మాటలకు ఆ గ్రంథంలో చోటు దొరికింది. కాని అవి కాగితం మీది నమూనాలు. ఆ మాటల రాగం ఎలాంటిదో వాటిని చదివి తెలుసుకోలేము.

ఆ లోటు తీర్చడానికి 1913 నుంచి 1929 వరకు వివిధ రాష్ట్రాలలో భాషల గ్రామఫోను రికార్డులు తయారుచేశారు. తప్పిపోయి తిరిగివచ్చిన కుమారుని కథను చాలా భాషలలో చెప్పించి ముద్రించారు. కథ ఒకటే కాబట్టి భాషలను పోల్చి చూడటం సులభమైంది. వాటిలో తెలుగు కూడా ఉంది. ఆ రికార్డులను నేడు షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో వినవచ్చు.

తర్వాతి కాలంలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వెలువడింది. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు, 1971లో వచ్చిన రెండవ సంపుటం చేనేత పదాలకు సంబంధించినవి. రైతులను, నేతగాళ్ళను కలిసి, వారు చెప్పిన మాటలను చెప్పినట్లే రాసుకొని సేకరించారు. పండితుని మాటకు ఎంత విలువో, మగ్గం ముందు కూర్చున్నవాని మాటకు అంతే విలువ అని ఆ గ్రంథం చాటింది.

గాడి నుంచి అంకెల దాకా

ధ్వనిని గాడిలోనే కాక అయస్కాంత శక్తితో కూడా దాచవచ్చునని డెన్మార్కు దేశస్థుడు పౌల్సెన్ 1898లో ఉక్కు తీగతో చూపాడు. 1928లో జర్మనీలో ఫ్లాయ్‌మర్ కాగితపు పట్టీ మీద ఇనుప పొడి పూసి టేపును తయారుచేశాడు. 1963లో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్టును ప్రవేశపెట్టింది. రికార్డును కర్మాగారంలోనే తయారుచేయాలి. క్యాసెట్టు మీద ఇంట్లోనే ముద్రించవచ్చు. వినేవాడు ముద్రించేవాడు కూడా అయ్యాడు. పెళ్ళి పాటలు, భజనలు, తాతల కబుర్లు ఎన్నో ఇళ్ళలో క్యాసెట్లకు ఎక్కాయి.

1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చింది. దీనిలో ధ్వని అంకెలుగా మారుతుంది. ధ్వని తరంగం ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా దాస్తారు. అంకెలకు నకలు తీస్తే అసలుకు, నకలుకు తేడా ఉండదు. నేడు చేతి ఫోను కూడా ఈ విధంగానే మాటను దాస్తుంది.

ఏ సాధనమూ శాశ్వతం కాదు. లక్క పళ్ళెం పగులుతుంది. టేపుకు బూజు పడుతుంది, దాని మీది పూత రాలుతుంది. పోయిన ఫోనుతో దానిలోని గొంతులూ పోతాయి. అందుచేత పాత క్యాసెట్లు ఉంటే తేమ తగలని చోట నిలువుగా ఉంచాలి. వీలైనంత త్వరగా అంకెలలోకి మార్చాలి. ఒక ప్రతి ఇంట్లోను, మరొక ప్రతి వేరొక చోట ఉంచాలి.

తరగతిలో, కర్మాగారంలో

భాష నేర్పే సంస్థలలో భాషా ప్రయోగశాలలు ఉంటాయి. మైసూరులో 1969లో ఏర్పడిన భారతీయ భాషల కేంద్ర సంస్థకు చెందిన ప్రాంతీయ భాషా కేంద్రంలో ఇతర భాషల ఉపాధ్యాయులు తెలుగు నేర్చుకుంటారు. ఇలాంటి ప్రయోగశాలలో విద్యార్థి మేలైన ఉచ్చారణను విని, తాను పలికి, తన గొంతును మళ్ళీ వింటాడు. చూపులేని విద్యార్థులకు మాట్లాడే పుస్తకాలు చదువును దగ్గర చేశాయి.

తన గొంతును మొదటిసారి విన్న వ్యక్తి 'ఇది నా గొంతేనా?' అని ఆశ్చర్యపోతాడు. దీనికి కారణం ఉంది. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా మన చెవికి చేరుతుంది. రికార్డులో ఎముకల ద్వారా వచ్చే భాగం ఉండదు. కొందరు తమ యాస విని సిగ్గుపడతారు. గొంతు కొత్తగా వినిపించడం యంత్రధర్మం. యాస ఉండటం భాషాధర్మం. రెండింటిలోను సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఏ యంత్రం వినిపించినా చివరకు వినవలసింది చెవి. మరమగ్గాల కొట్టాలలో రొద ఎక్కువైనప్పుడు పనివారు పెదవుల కదలికతోను, చేతి సైగలతోను మాట్లాడుకుంటారు. ఏళ్ళ తరబడి అలాంటి రొదలో పనిచేస్తే వినికిడి తగ్గుతుంది. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు ఒకసారి నశిస్తే మళ్ళీ మొలవవు. అందుకే అక్కడ చెవులకు రక్షణ సాధనాలు వాడాలి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళకు మించరాదు. బడి, ఆసుపత్రి, న్యాయస్థానాల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలాలలో పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ళే హద్దు. చెవిలో పెట్టుకొనే ఇయర్‌ఫోనుకు కూడా హద్దు ఉండాలి.

ఇంటి గొంతులు

తండ్రి తల్లిని ఒక ఇంట అవ్వ అంటారు. మరొక ఇంట జేజి, ఇంకొక ఇంట నాయనమ్మ లేక మామ్మ అంటారు. ఆమె పాడే జోలపాట, దంచేటప్పుడు పాడే పాట, ముగ్గుల పేర్లు, పాత్రల పేర్లు, పొడుపుకథలు ఏ నిఘంటువులోనూ లేకపోవచ్చు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాటలు కలిసిన ఆమె తెలుగు ఆ ఊరి చరిత్ర. బడిలో నేర్చే తెలుగు మిగిలిన తెలుగువారితో కలుపుతుంది. ఇంట్లో వినే తెలుగు ముందటి తరాలతో కలుపుతుంది. రెండూ కావలసినవే.

ఆ గొంతును దాచడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ముందుగా పెద్దల అనుమతి అడగాలి. ఫ్యాను, టీవీ ఆపి, కిటికీ మూసి, ఫోనును వారి నోటికి ఒక జానెడు దూరంలో కదలకుండా ఉంచాలి. ఒక నిమిషం ముద్రించి విని చూడాలి. తర్వాత తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు చెప్పి మొదలుపెట్టాలి. గౌహర్ జాన్ రికార్డులో పేరు చెప్పినట్లే ఇది కూడా; పేరు లేని గొంతు ఎవరిదో పదేళ్ళ తర్వాత ఎవరికీ తెలియదు. మాట్లాడుతుండగా వారి మాటను సరిదిద్దరాదు. అడగడం కొంచెం, వినడం ఎక్కువ కావాలి. వారు ఇతరులకు వినిపించవద్దన్న మాటను ఎవరికీ వినిపించరాదు.

మసి కాగితం మీది గీతకు 148 సంవత్సరాల తర్వాత నోరు వచ్చింది. అసలు ఆ గీతే గీయకపోయి ఉంటే ఏ శాస్త్రజ్ఞుడూ ఏమీ చేయగలిగేవాడు కాడు. యంత్రం పాతబడితే కొత్త యంత్రం వస్తుంది. వినకుండా వదిలేసిన గొంతు మాత్రం తిరిగి రాదు.

అభ్యాసం

అ) అర్థాలు
కంపనం = అదురు
గాడి = సన్నని గీతవంటి పల్లం
మాండలికం = ఒక ప్రాంతంలో గాని, ఒక వర్గంలో గాని వాడుకలో ఉన్న భాషాభేదం
యాస = పలికే తీరు
రొద = పెద్ద ధ్వని, గోల
వెసులుబాటు = వీలు, సౌకర్యం

ఆ) ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. స్కాట్ యంత్రానికి, ఎడిసన్ యంత్రానికి గల ముఖ్యమైన తేడా ఏమిటి?
2. గొట్టం కంటె పళ్ళెం ఎందుకు సౌకర్యమైంది?
3. తన గొంతు తనకే కొత్తగా వినిపించడానికి కారణమేమి?

ఇ) పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. 'లిపి మోయగలిగింది మాటనే. గొంతును కాదు' – వివరించండి.
2. మామూలు మనుషుల మాటను సేకరించడానికి జరిగిన ప్రయత్నాలను తెలపండి.

ఈ) వ్యాకరణం
1. విడదీసి సంధి పేరు రాయండి: గ్రంథాలయం, ప్రత్యేకమైన.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: ఎత్తుపల్లాలు, మూడు నిమిషాలు.

ఉ) చేయవలసిన పని
మీ ఇంట్లోని పెద్దవారు చెప్పే ఒక పొడుపుకథను గాని, పాటను గాని వారి అనుమతితో ముద్రించండి. దానిని విని, పలికినది పలికినట్లే రాయండి. రాతలోకి రాని ధ్వనులు ఏవో గుర్తించి తరగతిలో చెప్పండి.